జెనీవా నుంచి వచ్చిన ఉత్తరం

పిల్లల పైచదువుల దగ్గర మనకు తరచు ఒక చిక్కు వచ్చిపడుతుంది. కోరుకున్న కాలేజీ ఉలకదు, పలకదు. ఎక్కడో దూరాన, పేరు కూడా సరిగా వినని కాలేజీ మాత్రం రమ్మంటుంది. వెళ్ళాలంటే ఖర్చు. వెళ్ళకపోతే ఉన్న ఒక్కటీ చేజారుతుందేమోనని బెంగ.

కొన్నేళ్ళ కిందట అమెరికాలో ఉంటున్న మా పెద్దమ్మ కూతురు ఫోను చేసి ఇదే అడిగింది. వాళ్ళమ్మాయిని ఒక వైద్య కళాశాల వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. వాళ్ళు దరఖాస్తు పెట్టినవాటిలో అన్నిటికంటే అడుగున ఉన్న కాలేజీ అది. విమానం ఛార్జీలూ, హోటలు అద్దే కలిపితే తడిసి మోపెడవుతోంది. "ఇష్టం లేని చోటికి ఇంత పోసి పంపనా, ఊరుకోనా? రేడియోలో ఊరందరికీ చెబుతావుగా, నాకూ చెప్పవే" అంది అక్క. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, డాక్టరు చదువు గురించి నేనేం చెప్పను? కాని అక్క ఉన్న దేశంలోనే 1847లో అటువంటి ఉత్తరం అందుకున్న ఒకావిడ సంగతి నాకు తెలుసు. అదే చెప్పాను. మీరూ వినండి.

ఆవిడ ఎలిజబెత్ బ్లాక్‌వెల్. 1821లో ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర పుట్టింది. తండ్రిది పంచదార శుద్ధిచేసే వ్యాపారం. 1832లో కుటుంబమంతా అమెరికా వలస వెళ్ళారు. 1838లో తండ్రి కన్నుమూసేనాటికి ఇంట్లో చిల్లిగవ్వ లేదనే చెప్పాలి. తల్లీ కూతుళ్ళు కలిసి బడి పెట్టి సంసారం ఈదుకొచ్చారు.

డాక్టరు కావాలని ఈవిడేమీ చిన్నప్పటినుంచి కలలు కనలేదండీ. అసలు శరీరం గురించిన మాటలంటేనే ఆవిడకు ఏవగింపు. బడిలో పాఠం కోసం ఎద్దు కన్ను తెచ్చి చూపిస్తే కడుపులో తిప్పిందట. అయితే ఒక స్నేహితురాలు ఆడవాళ్ళకొచ్చే జబ్బుతో మంచానపడి, చివరి రోజుల్లో ఒక మాట అంది. తనకు ఆడ డాక్టరు వైద్యం చేసి ఉంటే పడిన బాధలో ఘోరమైన పాలు తప్పేదని. మగ డాక్టరు ముందు నోరు విప్పలేక రోగం ముదరబెట్టుకున్న ఆడవాళ్ళు మన ఊళ్ళలో మాత్రం ఎంతమంది లేరు! ఆ మాట ఎలిజబెత్ మనసులో నాటుకుపోయింది.

తెలిసిన డాక్టర్లను అడిగితే ఆలోచన మంచిదేగాని జరిగేపని కాదన్నారు. ఖర్చు 3,000 డాలర్లదాకా అవుతుంది. ఆ రోజుల్లో ఒక పంతులమ్మకు అది చిన్న మొత్తం కాదు. అందుకని కరోలినా రాష్ట్రాలకు వెళ్ళి ఆష్‌విల్‌లో, ఆ తర్వాత చార్లస్టన్‌లో పిల్లలకు సంగీతం చెబుతూ పైసా పైసా కూడబెట్టింది. తీరిక దొరికినప్పుడల్లా తెలిసిన డాక్టర్ల పుస్తకాలు తెచ్చుకుని చదివింది.

1847లో ఫిలడెల్ఫియా చేరింది. వైద్యవిద్యకు ఆనాడు అమెరికాలో పెట్టింది పేరు ఆ ఊరు. ఆవిడ కోరుకున్నదీ అక్కడి కాలేజీలనే. ఒక్కొక్క ఆచార్యుడి గుమ్మం ఎక్కి దిగింది. అందరూ కాదన్నారు. న్యూయార్కూ కాదంది. ఇక చిన్న ఊళ్ళ కాలేజీలు 12 ఏరి వాటికి రాసింది. ఈలోగా సలహాలు చెప్పేవాళ్ళకు కరువా? పారిస్ వెళ్ళమన్నారు కొందరు. మగవేషం వేసుకుని తరగతిలో కూర్చోమన్నారు. వేషం వేయనంది ఆవిడ. దొంగచాటుగా నేర్చుకుంటే తనకు విద్య రావచ్చు గాని, తర్వాత వచ్చే ఆడపిల్లకు తలుపు తెరుచుకోదు కదా!

అప్పుడు వచ్చింది జెనీవా నుంచి ఉత్తరం. స్విట్జర్లాండు జెనీవా కాదు, న్యూయార్కు రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఉత్తరం మీద తేదీ అక్టోబరు 20. చేర్చుకుంటామని రాశారు. విద్యార్థుల తీర్మానం కూడా జతపరిచారు.

దీని వెనక భాగోతం ఒకటుంది. ఆవిడను కాదనాలనే ఆచార్యుల ఉద్దేశం. ఆ నింద తమ మీదకు రాకుండా విద్యార్థులను అడిగారు, ఒక్కడు వద్దన్నా వద్దనే షరతు మీద. కుర్రవాళ్ళేమో ఇదెవరో ఎదుటి కాలేజీవాళ్ళు ఆడుతున్న వేళాకోళం అనుకుని, ఈలలూ కేకల మధ్య అందరూ సరేనని చేతులెత్తారు. వద్దన్న ఒక్కడి నోరూ మూయించారట! అంటే ఎలిజబెత్ చేతికొచ్చిన ఉత్తరం తప్పించుకోబోయి ఆచార్యులూ, తమాషాకు విద్యార్థులూ కలిసి రాసినదన్నమాట. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

అక్క అడిగిన ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఎలిజబెత్ తూకం వేసుకోవాలంటే జెనీవాకు వెళ్ళకపోవడానికి కారణాలు బోలెడు. మారుమూల ఊరు. ఫిలడెల్ఫియాలో ఉన్నటువంటి పెద్ద ఆసుపత్రి అక్కడ లేదు. చదువు 16 వారాల చొప్పున రెండు విడతలు, రెండో విడతలో మళ్ళీ మొదటి పాఠాలే. పైగా ఉత్తరం వచ్చేసరికే పాఠాలు మొదలైపోయాయి. వెళ్ళడానికి ఒక్కటే కారణం. తన పేరుతో, తన బట్టల్లో, పట్టా ఇచ్చే చోటు అదొక్కటే.

ఆవిడ మరి తటపటాయించలేదు. నవంబరు 4న ఫిలడెల్ఫియాలో బయల్దేరి, 6వ తేదీ రాత్రి పదకొండింటికి జెనీవాలో దిగింది. మర్నాడే పేరు నమోదు చేయించుకుంది. రిజిస్టరులో ఆవిడ 130వ నంబరు.

ఊళ్ళో ఆడవాళ్ళు దారిలో ఆగి మరీ వింత మృగాన్ని చూసినట్టు చూసేవారట. భోజనాల బల్ల దగ్గర ఒక డాక్టరు భార్య పలకరించేది కాదట. నన్నడిగితే మగవాళ్ళు కాదనడంకంటే ఇదే ఎక్కువ నొప్పి. తరగతిలో మాత్రం కుర్రాళ్ళు త్వరలోనే అల్లరి మానారు. శరీర నిర్మాణం చెప్పే ఆచార్యుడు వెబ్‌స్టర్ కొన్ని పాఠాలకు రావద్దన్నాడు. తాను విద్యార్థినిగా వచ్చానని, పాఠమన్నాక సిగ్గుపడేదేముందని ఆవిడ ఉత్తరం రాసింది. దాన్ని ఆయన తరగతిలో చదివి వినిపిస్తే కుర్రాళ్ళు ఆవిడ పక్షమే వహించారు.

నాకు బాగా నచ్చింది మరొకటి. కాలేజీలో లేనిదాన్ని ఆవిడ బయట వెతుక్కుంది. రెండు విడతల మధ్య, 1848 వేసవిలో, ఫిలడెల్ఫియాలోని బ్లాక్లీ అనాథశరణాలయం ఆసుపత్రిలో ఉండి రోగులను చూసింది. ఓడల్లో వచ్చిన ఐర్లండువాళ్ళకు సోకిన టైఫస్ జ్వరం మీదే తన సిద్ధాంత వ్యాసం రాసింది. 1849 జనవరి 23న పట్టా అందుకుంది. అమెరికాలో వైద్యపట్టా పొందిన మొదటి స్త్రీ ఆవిడే.

"అయితే అంతా సుఖాంతమేనా?" అంది అక్క. కాదు. ప్రత్యక్షంగా చూడడం నేర్చుకోవాలని ఎలిజబెత్ పారిస్ వెళ్ళి ప్రసూతి ఆసుపత్రిలో చేరింది. అక్కడ ఒక పసిబిడ్డ కళ్ళు కడుగుతుంటే ఆ జబ్బు తనకంటుకుని ఒక కన్ను పోయింది. శస్త్రవైద్యురాలు కావాలన్న ఆశ దాంతోనే తీరిపోయింది. ఇక చెల్లెలు ఎమిలీ తానూ డాక్టరవుతానంటే, అక్కకు పట్టా ఇచ్చిన జెనీవా కాలేజీయే కాదంది! షికాగోలో రష్ కాలేజీ చేర్చుకుంది గాని, వైద్యసంఘం తప్పుపట్టేసరికి రెండో విడతకు రానివ్వలేదు. చివరికి 1854లో క్లీవ్‌లాండులో పట్టా పుచ్చుకుంది ఆ అమ్మాయి.

ఎలిజబెత్‌ను కాదన్న ఫిలడెల్ఫియాలోనే 1850లో కేవలం ఆడవాళ్ళకోసం వైద్య కళాశాల వెలిసింది. 1883లో మన ఆనందీబాయి జోషి కలకత్తాలో ఓడెక్కింది ఆ కళాశాలకే. మద్రాసు వైద్య కళాశాల 1875 నుంచే ఆడవాళ్ళను చేర్చుకుంటున్నా, తండ్రి పెట్టిన గాజులు అమ్ముకుని అంతదూరం వెళ్ళింది. 1886లో పట్టా పొందింది, మరుసటి ఏడే 21 ఏళ్ళకు పోయింది.

సరిగ్గా అదే 1883లో, ఆ కళాశాలలోనే చదివిన అన్నా సారా కుగ్లర్ ఎదురు దిక్కుగా ఓడెక్కి మన గుంటూరు వచ్చింది. ఆవిడ అడిగింది డాక్టరు పని. మిషన్ వాళ్ళు ఇస్తామన్నది ఘోషా స్త్రీలకూ ఆడపిల్లలకూ చదువు చెప్పే పని. దానికే ఒప్పుకుని, వైద్యం సరంజామా కూడా వెంట తెచ్చుకుంది. రెండేళ్ళ తర్వాత గాని వాళ్ళు ఆవిడను డాక్టరుగా నియమించలేదు. 1898లో గుంటూరులో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది.

"కుగ్లర్ ఆసుపత్రా! మా అమ్మ పుట్టింది అక్కడేగా" అంది అక్క.

ఆ పైవారం మళ్ళీ ఫోను చేసింది. ఆ కాలేజీకి అనుబంధంగా ఎన్ని ఆసుపత్రులున్నాయో, విద్యార్థులను రోగుల దగ్గరికి ఏ సంవత్సరం నుంచి పంపుతారో రాసి తెలుసుకున్నారట. హోటలు మానేసి తెలిసినవాళ్ళింట్లో దిగే ఏర్పాటుతో టిక్కెట్టు కొన్నారట.