3 సెకన్ల పచ్చ లైట్: పిస్టల్ గురి వెనక అసలు కథ

ఈ ఎపిసోడ్ ఒక రీల్‌తో మొదలైంది.

పోయిన నెల మా ఇంటికి, చేవెళ్లకు పోయిన. మా బాబాయ్ కొడుకు ఇంటర్ సెకండ్ ఇయర్. ఫోన్ తెచ్చి ఓ వీడియో చూపించాడు. ఎక్కడో ఫామ్‌హౌస్, బర్త్‌డే కేక్, ఒకడి చేతిలో పిస్టల్, గాల్లోకి రెండు రౌండ్లు. "మస్తుంది కదా అన్నా, ఇది ఎంతకు దొరుకుతది?" అని అడిగాడు.

నిజం చెప్తున్నా, నాకు భయమేసింది. మొయినాబాద్ దాటినప్పటి నుంచి మా ఊరి దాకా రోడ్డుకు అటూ ఇటూ ఫామ్‌హౌస్‌లే. వీకెండ్ వస్తే పార్టీలే. అట్లాంటి రీల్ రేపు మావాడిది కూడా రావచ్చు. తిడితే వినే వయసు కాదు. అందుకే ఒకటే అడిగిన: "దాంతో 25 మీటర్ల దూరంలో గురి చూసి కొట్టగలవా?"

"గన్ చేతిలో ఉంటే కొట్టుడు ఏముంది అన్నా?"

ఏముందో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు హంగరీకి పోదాం. కరోలీ టకాచ్ అని ఒక సైనికుడు, మంచి పిస్టల్ షూటర్. 1938లో ఆర్మీ ట్రైనింగ్‌లో గ్రెనేడ్ పేలి అతని కుడి చెయ్యి పోయింది. షూట్ చేసే చెయ్యి అదే. మనిషి ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో సున్నా నుంచి మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. 1948లో లండన్‌కు వచ్చాడు, ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో గోల్డ్ కొట్టాడు. 1952లో హెల్సింకీలో మళ్లీ గోల్డ్.

ఆ ఈవెంట్ ఎట్లుంటదో తెలుసా? 25 మీటర్ల దూరంలో పక్కపక్కన 5 టార్గెట్లు. 5 తూటాలు కొట్టడానికి ముందు 8 సెకన్లు ఇస్తారు, తర్వాత 6, ఆ తర్వాత 4. గురి ఒక్కటే సరిపోదు, గడియారం నెత్తి మీద కూర్చున్నప్పుడు గురి ఉండాలి. ఒత్తిడి ఈ ఆటలో అనుకోకుండా వచ్చింది కాదు, రూల్స్‌లోనే పెట్టారు.

ఆడవాళ్ల 25 మీటర్ల పిస్టల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. క్వాలిఫికేషన్ రెండు భాగాలు, మొత్తం 60 షాట్లు. మొదటి 30 ప్రెసిషన్. 5 షాట్లకు 5 నిమిషాలు, తీరిగ్గా కొట్టొచ్చు. నడిమధ్య పదో రింగ్ వెడల్పు 50 మిల్లీమీటర్లు. మిగతా 30 ర్యాపిడ్. చెయ్యి కిందికి దించి నిలబడాలి. 7 సెకన్లు ఎర్ర లైట్. పచ్చ లైట్ పడగానే చెయ్యి లేపి, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కాలి. టైమ్ 3 సెకన్లు, ఒక్క షాట్. మళ్లీ ఎరుపు. ఇక్కడ పదో రింగ్ 100 మిల్లీమీటర్లు, రెండింతలు. అయినా ఆ 3 సెకన్లు ఏం చేస్తాయో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇషా సింగ్, హైదరాబాద్ అమ్మాయి, 2005లో పుట్టింది. నాన్న సచిన్ సింగ్ ర్యాలీ డ్రైవర్. తొమ్మిదేళ్లప్పుడు గచ్చిబౌలి రేంజ్‌లో పిస్టల్ కాలుస్తుంటే చూసి ఇష్టపడింది. ఆ గచ్చిబౌలి మా మొయినాబాద్ రోడ్డుకు ఏమంత దూరం? 2018 నేషనల్స్‌లో, తిరువనంతపురంలో, 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చాంపియన్. ఓడిపోయినవాళ్లలో మను భాకర్, హీనా సిద్ధూ ఉన్నారు! 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో ఒక గోల్డ్, మూడు సిల్వర్లు. ఆ గోల్డ్ 25 మీటర్ల పిస్టల్ టీమ్‌ది. అదే ఈవెంట్ ఇండివిడ్యువల్‌లో సిల్వర్.

ఇక్కడితో ఆపేస్తే ఇది మోటివేషన్ వీడియో అవుతది. ఆపను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే 25 మీటర్ల పిస్టల్‌లో ఇషా 600కి 581 కొట్టింది. 18వ స్థానం. ఫైనల్‌కు 8 మందే పోతారు. మను భాకర్ 590తో ఫైనల్‌కు పోయింది. 60 షాట్లలో తేడా 9 పాయింట్లు. అంతే! ఆ ఫైనల్‌లో 10.2 కొడితేనే హిట్, 10.1 అయినా సున్నా. మను షూటాఫ్‌లో మెడల్ పోగొట్టుకుని నాలుగో స్థానంలో ఆగింది. ప్రపంచంలోనే టాప్ షూటర్ల పరిస్థితి ఇది.

ఒత్తిడిలో ఏమైతది? గుండె వేగం పెరుగుతది, చేతి వణుకు పెరుగుతది. షూటర్ కన్ను పిస్టల్ ముందు సైట్ మీద ఉండాలి, టార్గెట్ మసకగా కనపడాలి. భయపడితే కన్ను టార్గెట్ మీదికి ఉరుకుతది. వేలు ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కే బదులు గుంజుతది. అందుకే షూటర్లు తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ప్రాక్టీస్ మళ్లీ మళ్లీ చేస్తారు. దాంట్లో చప్పుడు లేదు, పొగ లేదు. రీల్‌కు ఏమాత్రం పనికిరాదు.

మావాడిని ఓ షూటింగ్ రేంజ్‌కు తీసుకుపోయిన. కోచ్ చేతికి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఇచ్చి, ముందు అరగంట సేఫ్టీ గురించే చెప్పాడు. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే, కొట్టే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే. దీని పదో రింగ్ 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. తీరిగ్గా కొట్టిన 5 షాట్లు: 7, 6, 8, 5, 7. మొహం వెలిగిపోయింది.

అప్పుడు కోచ్‌ను అడిగి నా ఫోన్ బయటికి తీసిన. ముందు రాత్రి చిన్న కోడ్ రాసుకున్న, పాత ఉద్యోగం ఇట్లా పనికొచ్చింది. స్క్రీన్ 7 సెకన్లు ఎరుపు, 3 సెకన్లు పచ్చ. టార్గెట్ కింద పెట్టించిన. రెండు షాట్లు కాగితానికే తగల్లేదు. ఒకసారి పచ్చ పోయినాక కొట్టాడు. నేను కొడితే ఇంకా ఘోరం, అది చెప్పను.

తిరిగొచ్చేటప్పుడు మొయినాబాద్‌లో చాయ్ తాగుతుంటే వాడే అన్నాడు: "అన్నా, ఆ రీల్‌లోనోడు తాగి ఉన్నాడు. చుట్టూ పిల్లలున్నరు."

అప్పుడు చెప్పిన. మన దేశంలో లైసెన్స్ లేకుండా పిస్టల్ దగ్గర ఉంచుకోవడమే నేరం. 2019లో ఆయుధాల చట్టం మార్చినాక, వేడుకల్లో జనాన్ని ప్రమాదంలో పడేసేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా ఫైన్, లేదా రెండూ. లైసెన్స్ ఉన్నోడైనా సరే. పైకి పోయిన తూటా పైనే ఉండదు, ఎవరి ఇంటి మీదో పడతది.

టకాచ్ పదేళ్లు ఎదురుచూశాడు. ఇషా చిన్నప్పటి నుంచి ప్రాక్టీస్ చేస్తనే ఉంది. అయినా ఒక రోజు 9 పాయింట్లు చాలలేదు. వాళ్లకే అంత కష్టమైతే, ఫామ్‌హౌస్‌లో బీర్ పక్కన పెట్టి పిస్టల్ లేపేటోడి చేతిని మనం ఎట్లా నమ్మాలె?

మావాడు ఆ రీల్ డిలీట్ చేశాడో లేదో నేను అడగలేదు. కానీ నిన్న మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆ ఎరుపు, పచ్చ లింక్ పంపు." పంపిన.

మీ ఏరియాలో రేంజ్ ఉంటే ఒక్కసారి పోయి చూడండి, ఎట్లుందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.