పుస్తకం చూడకుండా ఆరు చరణాలు

పోయిన డిసెంబర్లో సెలవు పెట్టి చింతపల్లి వెళ్ళాను. ఇంటికి చేరి బ్యాగ్ ఇంకా కింద పెట్టలేదు, మా చర్చి కుర్రాళ్ళు వచ్చేశారు. "అన్నయ్యా, రేపు వృద్ధాశ్రమంలో పాటలు పాడాలి, నువ్వు కీబోర్డ్ వాయించాలి" అని. ఘాట్ రోడ్డు దిగి నర్సీపట్నం వైపు వెళ్తే వస్తుంది ఆ ఆశ్రమం (పేరు రాయను, వాళ్ళ ఏకాంతం వాళ్ళది). పొద్దున్నే జీపులో బయల్దేరాం. లంబసింగి దగ్గర చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంక కీబోర్డ్ ఏం వాయిస్తాను!

ముప్పై మంది పైనే ముసలివాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మావాళ్ళు ఈ మధ్య వచ్చిన పాటలు నాలుగు మంచి ఊపు మీద పాడారు. ఒక్కరూ కదల్లేదు. ముందు వరసలో ఒక మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "ఏటి పాడతన్నారు బాబూ? నాకేటీ అర్దం కాట్లేదు" అంది. అప్పుడు అక్కడ వంట చేసే ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఒక పాత కీర్తన ఎత్తుకుంది. కీబోర్డ్ లేదు, తాళాల్లేవు. రెండో లైనుకి పది గొంతులు కలిశాయి. పల్లవి తిరిగొచ్చేసరికి హాలంతా పాడుతోంది. తన పేరు కూడా చెప్పలేకపోతున్న ఒక తాతగారు ఆరు చరణాలూ వరసగా, పుస్తకం చూడకుండా పాడారు. మూడో చరణం తర్వాత నాకు రాదు, నోరు కదిపి ఊరుకున్నాను :)

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు ఒకటే ప్రశ్న. ఈ పాటల్లో ఏముంది? మనిషి పేరు మర్చిపోయినా ఇది ఎలా మిగిలింది?

సైన్సు సమాధానం ఒకటి ఉంది. 2015లో లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, ఎన్నో ఏళ్ళుగా తెలిసిన పాటల్ని గుర్తుపట్టే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతా వాటికంటే తక్కువగా దెబ్బతింటాయని చూపించారు. సరే. కానీ మా కుర్రాళ్ళు పాడినవీ పాటలే కదా అంటే, అవి వీళ్ళకి ఎన్నో ఏళ్ళుగా తెలిసినవి కావు, అంతే. నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. దానికోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పుస్తకం వచ్చింది, బాగానే ఉంది. చదివేదెవరు? ఊళ్ళల్లో అక్షరం వచ్చినవాళ్ళు పిడికెడు మంది. చదువు దగ్గరికి రానివ్వని కులాలవాళ్ళకైతే అదీ లేదు.

ఇంగ్లీషు హిమ్స్‌ని తెలుగు చేసి అవే ట్యూన్లలో పాడించే ప్రయత్నాలు కూడా జరిగాయి, ఇప్పటికీ కొన్ని పాడతాం. ఇబ్బంది ఏంటంటే, ఆ ట్యూన్లు ఇంగ్లీషు మాటల ఊనిక మీద నడుస్తాయి. తెలుగు నడిచేది గురు లఘువుల మీద. రెండూ కలపకపోతే దీర్ఘం ఉన్నచోట పొట్టిగా, పొట్టి ఉన్నచోట సాగదీసి పాడాలి. మాట చెవికి ఎక్కదు. చెవికెక్కనిది గుర్తెలా ఉంటుంది?

ఇక్కడ వస్తారు పురుషోత్తమ చౌదరి గారు (1803-1890). గంజాం ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. చుట్టూ ఒరియా, తెలుగు. 1833లో బాప్తిస్మం తీసుకుని పాస్టర్ అయ్యారు. కులాన్ని ప్రశ్నిస్తూ 'కులాచార పరీక్ష' అనే పుస్తకం రాశారు. త్యాగరాజు పోయేనాటికి (1847) ఈయనకి 43 ఏళ్ళు, అంటే కీర్తన అనే ప్రక్రియ అప్పుడు పాతబడిన వస్తువు కాదు, జనం నోళ్ళలో నడుస్తున్నది. తంజావూరులో వేదనాయగం శాస్త్రి (1774-1864) తమిళంలో ఇదే పని అప్పటికే చేస్తున్నారు. చౌదరి గారు తెలుగులో నూటికి పైగా కీర్తనలు రాశారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట నెత్తి మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి.. మోహన, ముఖారి, శంకరాభరణం, ఆది, ఏక అంటూ. చిన్నప్పుడు నాకు అవి పాటల నంబర్ల లాంటి ఏవో గుర్తులనుకునేవాణ్ణి!

మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే కీర్తన అనేది నెట్‌వర్క్ బాగోలేని చోట నడిచేలా తయారుచేసిన ప్రోటోకాల్. ఒకడు చరణం పాడతాడు, మిగతావాళ్ళకి పల్లవి వస్తే చాలు. ప్రతి చరణం తర్వాత పల్లవి మళ్ళీ వస్తుంది కాబట్టి దారి తప్పినవాడు మళ్ళీ కలుస్తాడు. ఇంక ప్రాస ఉంది చూశారూ, అది అచ్చం చెక్‌సమ్. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావాలి కాబట్టి మాట మర్చిపోతే ప్రాస పట్టుకుని వెతుక్కోవచ్చు, తప్పు మాట పెడితే చెవికి వెంటనే తెలిసిపోతుంది. చదువు రానివాళ్ళు ఆరు చరణాలు మోయగలిగింది అందుకే. ఆ తాతగారు మోస్తున్నదీ అదే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. సంస్కృతం దట్టించిన భాష, కర్ణాటక రాగాలు.. రాసింది బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాయన. దాన్ని సొంతం చేసుకున్నది మాల మాదిగ పల్లెలు. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంగీతం నేర్పే ఇంటి గడప ఎక్కలేనివాళ్ళు ముఖారి రాగం పాడుకుంటూ పొలానికి వెళ్ళారన్నమాట. దీని మీద మన సాహిత్య చరిత్రల్లో ఎంత రాశారు? నాకు తెలిసి ఒక పేరా, మహా అయితే ఒక పేజీ. ఇది నా అక్కసు, వదిలెయ్యండి.

ఇంతవరకూ కథ బాగుంది. ఇప్పుడు ఆ హాల్లో నన్ను ఇబ్బంది పెట్టినవి రెండు చెప్తాను.

మొదటిది. వెనక వరసలో ఒక పెద్దాయన మేం మొదలుపెట్టగానే కుర్చీలోనే మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయన మెడలో తులసిమాల ఉంది. వినడం ఇష్టం లేకపోతే లేచి వెళ్ళొచ్చు కదా అంటారేమో.. ఆయన లేవలేరు. ఎవరో ఒకరు వచ్చి లేపాలి. లేవలేని మనిషి ముందు మన దేవుడి పాట పాడడం పంచుకోవడమా, మీద వెయ్యడమా? 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల సంరక్షణ చట్టం జిల్లాకో ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు గురించి మాట్లాడుతుంది. గదిలో ఎవరు ఏం పాడాలో చెప్పదు, చెప్పకూడదు కూడా. అది మనకే తెలియాలి. రెండోసారి వెళ్ళినప్పుడు ముందు అడిగాం. ఆయన వరండాలో కూర్చుంటానన్నారు. మోసుకెళ్ళి ఎండలో కూర్చోబెట్టాం. ఆ పని మొదటిసారే చెయ్యాల్సింది.

రెండోది, అర్థం కావట్లేదన్న ఆ మామ్మగారు. ఆవిడ కూడా కీర్తన నాలుగు చరణాలు పాడింది. పాట అయ్యాక, "మామ్మా, ఈ మాటకి అర్థం ఏంటి?" అని ఒక సంస్కృత పదం అడిగాను (నాకూ తెలీదు, నిజం చెప్పాలంటే). నవ్వింది. "మాది కొండ బాబూ. మాకాడ తెలుగు కాదు, కువి" అంది. మా మండలంలోనే ఒక కొండ మీద ఊరు ఆవిడది. అంటే ఈ పాటలు ఆవిడకి రెండో భాషలో వచ్చినవి.

కువిని ఎవరూ పట్టించుకోలేదని కాదు. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు జయపురం కొండలవైపు వచ్చారు. వాళ్ళలో షుల్జే అనే ఆయన రాసిన కువి వ్యాకరణం 1911లో, పదకోశం 1913లో మద్రాసులో అచ్చయ్యాయి. ఇంకోపక్క పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు (1863-1940) ఏ మతం పనీ లేకుండానే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాచకాలు రాసి, సవరల పాటలు, కథలు సేకరించారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వచ్చింది. వ్యవహారిక భాష కోసం పోట్లాడిన మనిషి కొండ భాష దగ్గర మొదలయ్యాడని ఎంతమందికి గుర్తుంటుంది?

కానీ నేను పెరిగిన చర్చిలో మాత్రం కొండ పాటలు వినపడలేదు. హార్మోనియం వచ్చింది, డోలక్ వచ్చింది, తర్వాత కీబోర్డ్ వచ్చింది. థింసాకి వాయించే తుడుము, కిరిడి గుమ్మం బయటే ఉండిపోయాయి. చౌదరి గారు తన చుట్టూ ఉన్నవాళ్ళ పాటలోకి దేవుణ్ణి తీసుకొచ్చారు. మేము కొండ మీదికి ఆ పాటని తీసుకెళ్ళాం గానీ ఆయన చేసిన పని చెయ్యలేదు. ఈ తేడా నాకు ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా తట్టలేదు.

రెండోసారి, జనవరిలో వెళ్ళినప్పుడు ఆవిణ్ణి అడిగాను, "మామ్మా, ఇవాళ నువ్వు పాడు, మీ భాషలో" అని. చాలాసేపు ఊరుకుంది. మర్చిపోయానంది. మావాళ్ళు కీర్తనలు మొదలుపెట్టారు, ఆవిడ కూడా కలిసింది. మేం జీపెక్కుతుంటే వరండాలో నుంచి సన్నగా వినపడింది. పరిగెత్తుకెళ్ళి ఫోన్‌లో రికార్డ్ చేశాను. రెండు నిమిషాల నలభై సెకన్లు.

మా చర్చిలో కువి తెలిసిన సంఘపెద్ద ఒకాయనకి వినిపించాను, ఇదేం ప్రార్థన బాబాయ్ అని. ఆయన మొత్తం విని పకపకా నవ్వారు. "ఇందులో దేవుడు లేడురా, మామిడికాయలు ఉన్నాయి. పసుపు తవ్వేటప్పుడు ఆడోళ్ళు పాడతారు" అన్నారు. మూడో లైను దగ్గర ఆపి, ఆవిడ ఒక మాట తప్పు పాడిందన్నారు. మళ్ళీ పెట్టించుకుని విన్నారు. "కాదు, మా అమ్మ తప్పు పాడేదేమో" అని ఫోన్ నా చేతికిచ్చేశారు.