శక్కర పోయిన దారి

మా నిజామాబాదు వైపు పంచదార అనరు, శక్కర అంటారు. పెళ్ళయి కృష్ణా జిల్లాకు వెళ్ళిన కొత్తలో "చాయ్‌ల శక్కర తక్కువైంది అత్తమ్మా" అంటే మా ఆడపడుచులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "అది తెలుగేనా వదినా?" అన్నారు. చెప్పొద్దూ, నాకు ఉక్రోషం వచ్చింది. ఆ మాటకున్న చుట్టరికాల గురించి తర్వాత చదివాను.

జర్మన్లు చక్కెరను 'త్సుకర్' అంటారు. అది మన సంస్కృతపు 'శర్కర'కు మునిమనవడు. శర్కర అంటే గులకరాయి, ఇసుక పలుకు. చెరకు రసం కాచి గడ్డకట్టిస్తే పలుకులు పలుకులుగా వచ్చింది గనుక దానికీ ఆ పేరే అయింది. (బియ్యంలో రాళ్ళేరే ఆడదే ఆ పేరు పెట్టి ఉంటుందని నా అనుమానం. ఇంకెవరికి తోస్తుంది ఆ పోలిక!) ప్రాకృతంలో 'సక్కర' అయింది, మన చక్కెర ఆ దారిలోదే. పారశీకులు 'షకర్' అన్నారు, అరబ్బులు 'సుక్కర్' అన్నారు. అరబ్బులు చెరకును సిసిలీకీ స్పెయిన్‌కీ తీసుకుపోతే, ఇటలీవాళ్ళు 'త్సుక్కెరో' అన్నారు. అక్కణ్ణించి జర్మనీ ఎంత దూరం? మన ఖండశర్కరలోని 'ఖండం' కూడా వెంట వెళ్ళి అక్కడ 'కాండిస్' అయింది, అంటే కలకండ.

జర్మనీ చలికి చెరకు పండదు. 1747లో బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త బీట్ దుంపలో ఉన్నదీ చెరకు చక్కెరేనని తేల్చాడు. ఆయన శిష్యుడు ఆఖార్డ్ 1801లో సైలీషియాలో దుంపచక్కెర ఫ్యాక్టరీ నడిపించాడు. అంతవరకూ కలిగినవాళ్ళ బల్లల మీద ఉండే చక్కెర రానురాను మామూలు ఇళ్ళకూ వచ్చింది. అక్కడ బడిలో చేరే రోజున పిల్లల చేతికి తమ ఎత్తులో సగముండే కాగితపు పొట్లం నిండా మిఠాయిలు పోసి ఇస్తారు. దాని పేరు 'త్సుకర్‌ట్యూటె', చక్కెర పొట్లం. మా పక్కనున్న బాసరలో అక్షరాభ్యాసం చేయించి పిల్లల నోట్లో ఇంత తీపి పెట్టమూ?

మా దగ్గర ఆ మాట ఏకంగా ఊరే అయింది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయి, కాలువల కింద చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, దాని చుట్టూ శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో అదొకటి. చెరకు బండ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కున్న పిల్లల్లో నేనూ ఉన్నాను. గాలిలో బెల్లప్పాకం వాసన వస్తే గానుగ మొదలైందని ఊరంతటికీ తెలిసేది. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ అని నోటీసు అంటించారు. జీతాలు ఆగిన క్వార్టర్లలో ఆ ఏడు సంక్రాంతికి ఆడవాళ్ళు అరిసెలు ఎలా వండారో నేనడగలేదు.

చక్కెర జబ్బును జర్మన్లు 'త్సుకర్‌క్రాంక్‌హైట్' అంటారు. ఇంత పొడుగు మాటకు మా పల్లెల్లో ఎప్పుడో అనువాదం తయారుగా ఉంది: శక్కర బీమారి! ఇళ్ళల్లో ఇంకా పొట్టిగా 'ఆయనకు త్సుకర్ ఉంది' అంటారట. మనం 'షుగర్ ఉంది' అన్నట్టే.