బడిలో బెత్తము

దండమునకు పది గుణములు కలవను నానుడి తెలుగునాట ఎఱుగనివారు అరుదు. తండ్రి కొడుకును దండించునపుడును, పంతులు పిల్లవానిపై బెత్తమెత్తునపుడును ఈ మాటయే ప్రమాణముగా వినవచ్చుచుండెడిది. కాని ఆ నానుడికి మూలమైన చాటుశ్లోకమున శిష్యుని ప్రసక్తియే లేదు. అది చేతికఱ్ఱను గూర్చిన శ్లోకము. పక్షులను తోలుటకు, కుక్కలను అదలించుటకు, శత్రువును, పామును, పశువును ఎదుర్కొనుటకు, బురదలో నడచుటకు, నీటిలో దిగుటకు, గ్రుడ్డివానికి, చీకటిలో పోవువానికి, ముసలివానికి కఱ్ఱ ఉపకరించునని మాత్రమే దాని తాత్పర్యము. లెక్కించినచో పదియు అచ్చటనే సరిపోవును. పదునొకండవ ప్రయోజనముగా బడిపిల్లవాని వీపును చేర్చినది శ్లోకకర్త కాడు, లోకము.

ప్రాచీన ధర్మకర్తలు ఈ విషయమున లోకముకంటె జాగరూకులు. శిష్యుని కొట్టకయే శిక్షింపవలెననియు, అది సాధ్యపడనపుడు సన్నని త్రాటితోనో చీల్చిన సన్నని వెదురుతోనో మాత్రమే దండింపవచ్చుననియు, వేఱొకదానితో కొట్టిన గురువును రాజు దండింపవలెననియు గౌతమ ధర్మసూత్రము విధించినది. తెలుగుదేశమున పెక్కు కుటుంబములవారు అనుసరించు ఆపస్తంబ సూత్రము భయపెట్టుట, ఉపవాసముంచుట, నీట స్నానము చేయించుట, కంటియెదుట నుండనీయకుండుట అనువానిని శిష్యునకు దండనలుగా పేర్కొన్నది. దెబ్బ వీపుమీదనే కాని తలమీద పడరాదని మనుస్మృతి. ఈ గ్రంథములలో అనుమతియు హద్దును ఒక్కచోటనే యున్నవి. వీధిబడి పంతులు అనుమతిని నిలుపుకొనెను. హద్దును ఆయనకు గుర్తుచేయువారు ఆ యూర లేకపోయిరి.

వీధిబడి దండనలను గూర్చి నోటిమాటగా వచ్చిన కథలు అనేకములు. వ్రాతమూలకమైన సాక్ష్యములలో మిక్కిలి విలువైనది బళ్ళారి కలెక్టరు వ్రాసిన నివేదిక. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన రాజధానిలోని బడుల స్థితిని విచారించి తెలుపుడని కలెక్టరులను ఆదేశించెను. పెక్కుమంది కలెక్టరులు అంకెలు నింపి పంపి ఊరకుండిరి. బళ్ళారి కలెక్టరగు ఏ. డి. కాంబెలు మాత్రము తెలుగు వ్యాకరణము రచించిన పండితుడగుటచే, బడి లోపల జరుగు విషయములను సైతము విచారించి 1823 ఆగస్టు 17వ తేదీన దీర్ఘమైన లేఖ వ్రాసెను. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు చేరియుండెను. అనంతపురము వేఱు జిల్లా యైనది 1882లో. జిల్లాలోని 533 బడులలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. మిగిలినవి సంస్కృతము, మరాఠీ, పారసీకము, అరవము నేర్పునవి. ఇంగ్లీషు బడి ఒక్కటి. విద్యార్థులు 6,641 మంది.

ఆ లేఖను బట్టి బడి ఉదయము ఆరుగంటలకు తెఱచెడివారు. మొట్టమొదట వచ్చిన బాలుని అరచేతిలో గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. అటుపై వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ హెచ్చు.

ఈ లెక్కను కొంచెము నిదానించి చూడవలెను. 6,641 మందిని 533 బడులకు పంచినచో బడికి సగటున పండ్రెండుగురు. అట్టి బడిలో కడపట వచ్చినవానికి పది దెబ్బలు తప్పవు. బడి యంతటికిని కలిసి దినమునకు ఏబదియైదు. ఇంకొక విశేషమును కలదు. పండ్రెండుగురును తెల్లవాఱకమునుపే వాకిట చేరినను, వారిలో పదుగురికి దెబ్బలు పడియే తీరును. ఏలయన ఎవడో ఒకడు మూడవవాడును, ఎవడో ఒకడు పండ్రెండవవాడును కాక తప్పదు. కావున ఆ శిక్ష ఆలస్యమునకు కాదు, వరుసకు. ఇంటిలో నీరు తోడి, దూడను కట్టివేసి పరుగెత్తివచ్చిన బాలుడును, పొద్దెక్కువఱకు నిద్రించిన బాలుడును ఆ వరుసలో ఒక్కటే.

సోమరిపోతులకు వేఱు దండనలుండెను. వారిని బెత్తముతో కొట్టుటయే కాక, రెండు చేతులును కట్టి కప్పునకు తగిలించిన కప్పీత్రాటితో పైకి లాగెడివారనియు, లేనిచో ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేసెడివారనియు కాంబెలు వ్రాసెను. ఈ రెండింటికిని తెలుగువారికి పేర్లు చెప్పనక్కఱలేదు: మొదటిది కోదండము, రెండవది గుంజీళ్ళు. గుంజీళ్ళు బాధాకరమే యైనను బహుశః ఆరోగ్యకరము కావచ్చునని కలెక్టరుగారు ఒక వాక్యమును జోడించిరి. తీసినవారిని అడిగి వ్రాసినట్లు కానరాదు. గోడకుర్చీ, తొడపాశము, ఎండలో నిలువబెట్టుట మొదలగునవి ఆ లేఖ కెక్కలేదు కాని, తెలుగు పల్లెలలో నిన్నమొన్నటి తరములవారు వానిని స్వయముగా ఎఱుగుదురు.

ఇంత దండన యేల కావలసివచ్చెను? పంతులు క్రూరుడగుటచేతనని చెప్పుట సులభము; న్యాయము కాదు. ఆయన బ్రతుకు పిల్లల తలిదండ్రులిచ్చు కొలదిపాటి జీతముమీదను, దసరాకు పిల్లలతో ఇల్లిల్లును తిరిగి తెచ్చుకొను సంభావనమీదను ఆధారపడియుండెను. బెత్తము పట్టని పంతులు చదువు చెప్పుట లేదని తండ్రులే ఆక్షేపించు కాలమది. అసలు కారణము అదే లేఖలో మఱియొక చోట నున్నది. బడులలో వల్లెవేయించు కావ్యభాష వేఱు, ఇంట మాటలాడు భాష వేఱు అనియు, చదివించు గ్రంథముల యర్థమును చెప్పగల పంతుళ్ళు కొలదిమంది యనియు, అర్థమెఱిగిన పిల్లలు అంతకంటెను తక్కువయనియు, చిలుకకు తాను పలుకు మాటలను గూర్చి ఎంత తెలియునో పద్యములను గూర్చి పిల్లవానికిని అంతే తెలియుననియు కాంబెలు వ్రాసెను. అర్థమైన పాఠము పిల్లవానిని తనంతట కూర్చుండబెట్టును. అర్థముకాని పాఠమునొద్ద కూర్చుండబెట్టుటకు వెలినుండి ఏదో ఒక బలము కావలెను. వీధిబడిలో ఆ బలము దూలమునకు వ్రేలాడుచుండెను.

అయినను ఆ బడిలో కొనియాడదగిన దొకటి కలదు. కాంబెలు దానిని మనసార కొనియాడెను. పిల్లలను నాలుగు తరగతులుగా విభజించి, క్రింది తరగతులను పెద్దపిల్లల యధీనమున నుంచి, పంతులు అందఱిపైనను కన్నువేసియుండు పద్ధతి యది. చిన్నవాడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండగా పెద్దవాడు సరిచూచుచుండును. పనిలో నున్న పిల్లవాడు అల్లరికి తీరిక లేనివాడగును. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఈ ప్రాంతపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుటను చూచి, తన ఆశ్రమమున ఆ విధానమును ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు పాఠములు చెప్పించి, 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండున అది మద్రాసు పద్ధతి యను పేరనే వ్యాపించెను.

1798లో లండనులో బీదపిల్లలకు బడి తెఱచిన జోసెఫ్ లాంకాస్టరును ఇట్టి పద్ధతినే అవలంబించెను. ఆయనకు బెత్తమన్న గిట్టదు. కాని బెత్తమునకు బదులుగా ఆయన కల్పించిన శిక్షలు విచిత్రములు: అల్లరిపిల్లవాని మెడకు కొయ్యదుంగ తగిలించుట, గంపలో కూర్చుండబెట్టి బడి కప్పునకు లాగి తోడిపిల్లలచేత నవ్వించుట. బళ్ళారిలో చేతులు కట్టి పైకి లాగిరి. లండనులో గంపలో పెట్టి లాగిరి. ఒకటి దేహమునకు నొప్పి, మఱియొకటి మనసునకు. బెత్తమును మానినంతమాత్రమున దండన మానినట్లు కాదని ఆ బడి చెప్పకయే చెప్పినది. ఇంగ్లండు ప్రభుత్వపు బడులనుండి బెత్తము చట్టప్రకారము తొలగినది 1987లో మాత్రమే.

తెల్లదొరల పాలనలో వీధిబడులు క్రమముగా సర్కారు లెక్కలలోనికి వచ్చెను. బల్లలు వచ్చెను, గడియారము వచ్చెను, పరీక్షాధికారి వచ్చెను. మద్రాసు రాజధానిలో పిల్లలు పరీక్షలో నెగ్గినదానినిబట్టి బడికి గ్రాంటు ఇచ్చు పద్ధతియు కొంతకాలము నడచినది. పిల్లవాడు తప్పినచో పంతులు కూటికి లోపము వచ్చునపుడు బెత్తము పదునెక్కుట వింత కాదు. 1860 నాటి శిక్షాస్మృతి పండ్రెండేండ్ల లోపు పిల్లల మేలుకోరి సంరక్షకులు సద్బుద్ధితో చేసిన పనికి రక్షణ నిచ్చెను. న్యాయస్థానములలో ఉపాధ్యాయులు ఆ నీడనే నిలిచిరి.

అల్లరిని వేఱు విధముగా చూచినవారిలో గుజరాతుకు చెందిన గిజుభాయి బధేకాను ముఖ్యముగా చెప్పవలెను. న్యాయవాదవృత్తిని వదలి 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించినవాడాయన. ఆయన రచించిన దివాస్వప్నము అను గ్రంథమున ఒక క్రొత్త ఉపాధ్యాయుడు మొదటినాడు తరగతిలో మౌనముగా నుండు ఆట ఆడింపబోవును. పిల్లలు కూతలు కూసి, అఱచి, దానిని భంగపఱతురు. ఆ ఉపాధ్యాయుడు ఆనాటికి వారిని ఇండ్లకు పంపివేసి, మఱునాడు కథ నారంభించును. ఆ పిల్లలే కదలక కూర్చుందురు. గ్రంథమంతటికిని రుచికరమైన సంగతి ఈ విజయము కాదు. మొదటినాటి ఓటమిని ఆయన దాచక చెప్పుట. తరగతిని నిలుపుట ఎంత కష్టమో తెలిసినవాడు మాత్రమే అట్లు వ్రాయగలడు.

చట్టము తన తీర్పును ఆలస్యముగా చెప్పినది. 1986 నాటి జాతీయ విద్యావిధానము శారీరక దండనను విద్యనుండి వెలివేయవలెనని ప్రకటించెను. 2000 డిసెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము అచ్చటి బడులలో బెత్తమునకు అనుమతినిచ్చు నిబంధనలను కొట్టివేసెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002 ఫిబ్రవరి 18వ తేదీన 16వ నంబరు ఉత్తర్వుతో 1966 నాటి విద్యానిబంధనలను సవరించి శారీరక దండనను నిషేధించెను. 2010 ఏప్రిల్ 1 నుండి దేశమున అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము కొట్టుటనే కాక మానసిక వేధింపును సైతము నిషేధించినది. ప్రాథమిక విద్య ముగియువఱకు ఏ పిల్లవానిని బడినుండి వెళ్ళగొట్టరాదనియు శాసించినది. లాంకాస్టరు గంపకును ఇందు చోటు లేదు.

బెత్తము తీసికొన్న చట్టము ఉపాధ్యాయునకు బదులేమిచ్చెనన్న ప్రశ్న సహేతుకమైనదే. అఱువదిమంది పిల్లలవఱకు ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు చాలునని అదే చట్టపు అనుబంధము. ఇద్దరితో అయిదు తరగతులు నడపవలసినచోట పనిలేక కూర్చున్న తరగతి అల్లరి చేయక మానదు. అది పిల్లల దుర్మార్గము కాదు, ఏర్పాటులోని లోపము. పెద్దవానిచేత చిన్నవానికి చెప్పించు పాత వీధిబడి పద్ధతి ఇట్టి బడులలో నేటికిని అక్కఱకు రాదగినది. బళ్ళారి లేఖనుండి గ్రహింపదగిన దేదైన నున్నచో అది యిదియే.

దండించుమని పంతులునకు పిల్లవాని నప్పగించి పోయిన తలిదండ్రులకు ఆ చట్టము బడిలోనే ఒక స్థానము కల్పించినది. ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ సంఘమున ముప్పాతికవంతు సభ్యులు తలిదండ్రులును సంరక్షకులును కావలెను. సంఘమున సగముమంది స్త్రీలు కావలెను. 1823లో బళ్ళారి జిల్లా బడులన్నిటిలో చదువుచుండిన ఆడపిల్లలు అఱువదిమంది.