లాభ మొకరిది, నష్ట మొకరిది

యజమానుఁడు సేవకున కెంత జీత మీయవలెనను ప్రశ్న క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అయిదవ అధికరణమునందు రాజోద్యోగుల వేతనముల పట్టిక యొకటి కలదు. అందు పురోహితునకును, సేనాపతికిని, యువరాజునకును 48,000 పణములు. అట్టడుగు పరిచారకునకు 60 పణములు. అనఁగా ఒకని జీతము వేఱొకని జీతమునకు 800 రెట్లు. ఈ లెక్కను జూచిన పిమ్మట మన ప్రాచీనులు వేతనములయందు సమత్వమును బాటించిరని చెప్పుటకు వీలులేదు. అయినను ఆ గ్రంథకర్త మూఁడు సంగతులను విస్మరింపలేదు. భృత్యుల పోషణమునకు రాజ్యాదాయమున నాలుగవ వంతు హద్దుగా నేర్పఱచెను. పెద్ద జీత మెందులకో కారణము చెప్పెను: అంత యిచ్చినచో వారు ప్రలోభమునకుఁ గాని కోపమునకుఁ గాని లోనుగారని. పనిలో మరణించినవాని భార్యాబిడ్డలకు భృతి యీయవలెనని విధించెను. హద్దు, కారణము, క్రిందివానికి రక్ష: ఈ మూఁటిని కొలబద్దగాఁ గొని, ఆధునిక కంపెనీల నిర్వాహకుల జీతముల చరిత్రను మేము పరిశీలింపఁ దలఁచితిమి.

ఇందులకు అమెరికా సంయుక్త రాష్ట్రముల యనుభవము మిక్కిలి యుపయుక్తము. ఏలయన, ఈ వివాద మచ్చట న్యాయస్థానములలోను శాసనసభలలోను బహిరంగముగా జరిగినది; లెక్కలు అచ్చుపడి లోకమునకు దొరకినవి.

చికాగో నగరమునకు దక్షిణమున, రైలుపెట్టెలు చేయించు జార్జి పుల్మన్ అను ధనికుఁడు 1880 మొదలుకొని యొక యూరినే నిర్మించెను. ఇండ్లు, అంగళ్లు, గ్రంథాలయము, కడకు చర్చి సైతము కంపెనీవే. 1893లో దేశమున గొప్ప ఆర్థిక సంక్షోభము గలిగెను. పెట్టెలు కొనువారు తగ్గిరి. కంపెనీవారు అనేకులను పనినుండి తొలఁగించి, మిగిలినవారి కూలిని సగటున నాలుగవ వంతు కోసిరి. ఇంటి యద్దె మాత్రము దమ్మిడీ యయినను తగ్గింపరైరి. 1894 మే మాసమున పనివారు సమ్మె చేసిరి. వారియందలి సానుభూతిచే రైల్వే కార్మిక సంఘమువారు పుల్మన్ పెట్టెలను దాఁకమనిరి. సమ్మె దేశమున పెక్కు రాష్ట్రములకు వ్యాపించెను. అధ్యక్షుఁడు గ్రోవర్ క్లీవ్‌లండు సైన్యమును బంపెను. సమ్మె యణఁగెను, సంఘనాయకుఁడు యూజీన్ డెబ్సు చెఱసాల పాలయ్యెను.

పిమ్మట ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము కంపెనీ లెక్కలను బయటఁబెట్టెను. 1893 జూలైతో ముగిసిన సంవత్సరమున కూలిక్రింద చెల్లించినది 72 లక్షల డాలరులకు పైగా. వాటాదారులకు పంచినది 25 లక్షల 20 వేలు. మఱుసటి సంవత్సరమున కూలి 45 లక్షలకు లోపునకు దిగజాఱెను. వాటాదారుల పంపకము 28 లక్షల 80 వేలకు హెచ్చెను. మేనేజరులు మొదలగు అధికారుల జీతములయందు కోఁత లేదు. పని నిలిచిపోకుండుటకై నష్టమునకు సైతము ఒప్పందములు కుదుర్చుకొంటిమని కంపెనీవారు చెప్పుకొనిరి. ఇది అబద్ధము గాదు. కాని యా నష్టమును భరించిన దెవరో పై యంకెలే చెప్పుచున్నవి.

పుల్మన్ తన కంపెనీకిఁ దానే కర్త. ఇరువదవ శతాబ్దమున ఈ స్థితి మాఱెను. కంపెనీలు పెరిగినకొలఁది వాటాదారులు వేలకు వేలై చెదరిపోయిరి. నిర్వాహకుఁడు పేరునకు జీతగాఁడే. కాని తాళపుచెవులు వాని మొలలో నున్నవి. బెత్లహేం ఉక్కు కంపెనీ యధ్యక్షుఁడగు యూజీన్ గ్రేసు 1929వ సంవత్సరమునకుఁ గాను 16 లక్షల డాలరులకు పైఁబడిన బోనసు పుచ్చుకొనెనని మఱుసటి యేఁడు ఒక వ్యాజ్యములో బయటఁబడెను. అంతవఱకు వాటాదారులలో ననేకు లెఱుఁగరు. అమెరికన్ టొబాకో కంపెనీ యధ్యక్షుఁడగు జార్జి వాషింగ్టన్ హిల్ 1930లో 1,68,000 డాలరుల జీతమును, దానిపై 8,42,000 డాలరులకు మించిన బోనసును గైకొనెను. నాఁడు దేశాధ్యక్షుని జీతము 75,000 డాలరులు. లాభములో నింత వంతు అధికారులదని ఆ కంపెనీ 1912లోనే నిబంధన చేసికొనియుండెను. ఒక వాటాదారుఁడు వ్యాజ్యము తెచ్చెను. 1933లో సుప్రీముకోర్టువారు, నిబంధన పుట్టుకలో న్యాయమైనదే యైనను, చేసిన సేవ విలువతో సంబంధము లేకుండ చెల్లించు సొమ్ము జీతము గాక దాన మగుననియు, అల్పసంఖ్యాకులగు వాటాదారులు వలదనుచుండఁగా కంపెనీ సొత్తును దానము చేయు నధికారము అధికసంఖ్యాకులకు లేదనియు అభిప్రాయపడిరి. ఆ యేఁడు అమెరికాలో పనిచేయఁగలవారిలో సుమారు నలుగురిలో నొకనికి పని లేదు.

ఈ సంక్షోభమునుండి పుట్టిన 1934వ సంవత్సరపు శాసనముచే పెద్ద కంపెనీల యధికారుల జీతములను ప్రకటింపవలసిన నిర్బంధ మేర్పడెను. వెలుఁగు పడినచో అతి జీతము సిగ్గుపడి తగ్గునని సంస్కర్తల యాశ. కొన్ని దశాబ్దములు జీతములు మితముగానే యుండెను. కాని యందుకు బలమైన కార్మిక సంఘములును, హెచ్చయిన ఆదాయపుపన్నును దోడ్పడినవి. ఆ రెండును సన్నగిల్లిన పిమ్మట వెలుఁగు వేఱొక పని చేసెను. పొరుగు కంపెనీ యధికారి జీతము తెలియఁగానే, మావాఁడు సగటునకు దిగువ నుండరాదని ప్రతి డైరెక్టరుల సభయు దలఁచెను. తరగతిలోని బాలురందఱును సగటును మించవలెనని పట్టుపట్టినచో జరుగున దేమి? సగటే పైకిఁ బోవును. జీతముల విషయమున నిదియే జరిగినది.

1993లో అమెరికా ప్రభుత్వము మఱియొక గట్టు కట్టెను. పది లక్షల డాలరులకు మించిన జీతమును కంపెనీ పన్నులెక్కలో ఖర్చుగాఁ జూపరాదనెను. అయితే ప్రతిభను బట్టి యిచ్చు ప్రతిఫలమునకు ఈ నిషేధము లేదనెను. నీరు గండి విడిచిన చోటనే పాఱెను. జీతము పేరు మాఱి, కంపెనీ షేరులను ముందు నిర్ణయించిన ధరకుఁ గొను హక్కుగా వెల్లువెత్తెను. ఆ గండిని 2017లో పూడ్చిరి. వాషింగ్టనులోని ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూటు లెక్క ప్రకారము పెద్ద కంపెనీల ప్రధాన నిర్వాహకుని ప్రతిఫలము, సాధారణ కార్మికుని ప్రతిఫలమునకు 1965లో సుమారు 20 రెట్లుండఁగా, 2023లో సుమారు 290 రెట్లు.

షేరు ధరతో జీతమును ముడివేసినచో ప్రతిభకే ఫలము దక్కునని చెప్పుదురు. 2009 మార్చిలో ఏ.ఐ.జి. అను భీమా కంపెనీ, ప్రజల సొమ్ము వేలకోట్ల డాలరులు పుచ్చుకొని ప్రాణము నిలుపుకొన్న పిమ్మట, ఆ ప్రమాదమును దెచ్చిన శాఖవారికే 16 కోట్ల 50 లక్షల డాలరుల బోనసులు చెల్లించెను. ముందు వ్రాసికొన్న ఒప్పందములను మీఱరాదనిరి. పుల్మన్ పనివాని కూలికి అట్టి పవిత్రత యెన్నఁడును లేకపోయెను గదా!

ఈ కథ మన యిండ్లకు దూరమైనది గాదు. గూగుల్ మాతృసంస్థయగు ఆల్ఫబెట్ 2023 జనవరిలో 12,000 మందిని తొలఁగించుచున్నట్లు ప్రకటించెను. దాని ప్రధాన నిర్వాహకునకు 2022వ సంవత్సరమునకుఁ గాను లెక్కకట్టిన ప్రతిఫలము 22 కోట్ల 60 లక్షల డాలరులు. అందు హెచ్చు భాగము మూఁడేండ్ల కొకమాఱిచ్చు షేరులు. ఆ యేఁడు అమెరికాలో ఇట్లు పని గోల్పోయిన వివిధ కంపెనీల వారిలో తెలుఁగు బిడ్డలును గలరు. హెచ్-1బి అనుమతితో నున్నవారికి సాధారణముగా దొరకు గడువు 60 దినములు; ఆలోపల మఱియొక యజమానుఁడో వేఱొక యనుమతియో దొరకనిచో దేశము విడువవలసినదే. మన భాషలో దీనిని ఉద్వాసన యందుము. పూజాంతమున దేవతకు ఉద్వాసన చెప్పువారు ముందు షోడశోపచారములను జేసి, మరల రమ్మని ప్రార్థించి సాగనంపుదురు. కంపెనీ చెప్పు ఉద్వాసన అనేకులకు తెల్లవాఱుజామున నొక యీ-మెయిలు.

ప్రతిపక్షుల వాదమును ద్రోసిపుచ్చరాదు. సమర్థుని యొక్క నిర్ణయము వేలమంది జీవనమును నిలుపునందురు, నిజము. అధికారి జీతమునంతయు పనివారికిఁ బంచినను తలకు స్వల్పమే వచ్చునందురు. పెక్కు తావుల నిదియు నిజమే. గిరాకి తగ్గినప్పుడు ఎవ్వరిని దీసివేయరాదన్నచో కంపెనీయే మునుఁగవచ్చును. కావున మాకు రెట్ల సంఖ్యయందు పట్టుదల లేదు. స్విట్జర్లాండు ప్రజలు 2013లో అధికారుల జీతములపై వాటాదారుల యోటు తప్పనిసరి కావలెనను ప్రతిపాదమును గెలిపించిరి; అదే యేఁడు, హెచ్చు జీతము తక్కువ జీతమునకు 12 రెట్లు మించరాదను ప్రతిపాదము నోడించిరి. వారి వివేకము గమనింపఁదగినది.

మా యాక్షేపణ మంతయు నొక్కటే. లాభములో వంతు కోరువాఁడు నష్టములోను వంతు గొనవలెను. ఇది అసాధ్యము గాదు. జపాను దేశపు నింటెండో కంపెనీ 2014లో దెబ్బతిన్నప్పుడు, దాని యధ్యక్షుఁడు సతోరు ఇవాతా కొన్ని మాసములు తన జీతమును సగమునకుఁ దగ్గించుకొనెను. తోడి డైరెక్టరులును కోఁత నంగీకరించిరి.

మన దేశపు శాసనములయందును ఈ పాఠము క్రమముగాఁ గానవచ్చును. 1936 నాఁటి సవరణ మేనేజింగ్ ఏజెంట్ల ప్రతిఫలమును నికర లాభముతో ముడివేసెను. కాని లాభము లేని యేఁడు సైతము వారికి కనీసపు మొత్తము దక్కునట్లు వీలు గల్పించెను. 1953లో తొలఁగింపఁబడిన కార్మికునకు ప్రతి సంవత్సరపు సేవకు 15 దినముల సగటు వేతనము పరిహారముగా విధింపఁబడెను. 1956 నాఁటి కంపెనీల చట్టము నిర్వాహకుల మొత్తపు ప్రతిఫలమునకు నికర లాభమున నూటికి 11 వంతులు హద్దు గీచెను. 1970లో మేనేజింగ్ ఏజెన్సీలే రద్దయ్యెను. 2013 నాఁటి చట్టము, షేరుబజారులో నమోదైన కంపెనీలు ప్రతి డైరెక్టరు ప్రతిఫలము నడిమి యుద్యోగి జీతమునకు ఎన్ని రెట్లో ప్రకటింపవలెనని శాసించెను.

చదువరులారా, మీలో ననేకులు మ్యూచువల్ ఫండు మూలముననో, భీమా మూలముననో ఏదో యొక కంపెనీలో భాగస్వాములు. పుల్మన్ కాలపు వాటాదారుఁడు 28 లక్షలలో తన వంతును గైకొని మఱి యేమియు నడుగలేదు. మీరు వార్షిక నివేదికను దెప్పించి చూడుఁడు. రెట్ల సంఖ్య యొక పుటలో నుండును. ఎందఱు తొలఁగింపఁబడిరో సాధారణముగా నుండదు. లాభము తగ్గిన యేఁడు పైవారి జీతమున నెంత తగ్గెనని, ఎందఱికి ఉద్వాసన చెప్పితిరని, వాటాదారుల సభకు వ్రాసి యడుగుఁడు. అడుగువారు లేనిచోట హద్దును గీచువాఁడు సొమ్ము పుచ్చుకొనువాఁడే యగును.