ఒక మహాసంఖ్య చరిత్ర

చదరంగపు మొదటి గడియందొక గింజ, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు రెట్టించుచు ధాన్యమడిగిన కథను చదువరులు వినియే యుందురు. ఆ అరువదినాలుగు గడుల గింజల మొత్తమును ఎనిమిది రెట్లు చేసి ఏడు కలిపినచో 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చును. అరువదియేడు రెండ్లను ఒకదానితో నొకటి గుణించి, అందుండి ఒకటి తీసివేసినను ఇదియే ఫలము. నోట పలుకవలెనన్న 14,75,739 కోట్ల కోట్లకు పైమాట!

1644లో ఫ్రాన్సుదేశపు క్రైస్తవ సన్న్యాసి మెర్సేన్ తన గ్రంథమున, ఇట్లు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 రెండ్లను గుణించి ఒకటి తగ్గించిన వచ్చునవి ప్రధాన సంఖ్యలనియు, అనగా ఒకటిచేతను తమచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగ భాగింపబడనివనియు, 257 లోపల తక్కినవేవియు అట్టివి కావనియు వ్రాసెను. నిరూపణ మొసగలేదు. నాటి ఐరోపా పండితులనేకులు ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుచుండిరి. అంతటివాని మాటను కాదనుటకు ఎవరికిని సాధనము లేకపోయెను. 31 విషయమున ఆయన మాట నిజమని 1772లో ఆయిలర్ తేల్చెను.

1876లో ల్యూకా అను ఫ్రెంచి పండితుడు భాగహారముతో పని లేని క్రొత్త పరీక్షచే మన సంఖ్య ప్రధానము కాదని కనుగొనెను. కాని దేనిచే భాగింపబడునో ఆ పరీక్ష చెప్పదు. దొంగతనము రుజువైనది, దొంగ దొరకలేదు.

వరుసగా భాగించి చూడబూనిన మనుష్యాయువు చాలదు. అయితే ఒక నియమము కలదు: ఈ సంఖ్యను భాగించు ప్రధానమును 134చే భాగించిన ఒకటియే మిగులవలెను. ఈ జల్లెడ పట్టినను లక్షల కొలది సంఖ్యలు మిగులును. కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కోల్ మరికొన్ని నియమములతో వానిని వడపోసెను. 1903 అక్టోబరు 31న న్యూయార్కులో అమెరికా గణిత సమాజపు సభయందాయన నల్లబల్లపై ఒకవైపు రెండ్ల గుణకారము చేసి ఒకటి తీసివేసి, వేరొకవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287తో హెచ్చవేసి, రెండు ఫలములు నొకటియే యని చూపి, మాటయైన నాడక కూర్చుండెననియు, సభికులు కరతాళధ్వనులు చేసిరనియు బెల్ అను గణితవేత్త వ్రాసెను. ఎంతకాలము పట్టినదని తానడుగగా, మూడేండ్ల ఆదివారములని కోల్ బదులు చెప్పెనట. ఇట్టి కథలు చెప్పగా చెప్పగా పెరుగుట కలదు. గుణకారము మాత్రము పెరుగునది కాదు. ఉన్నత పాఠశాల విద్యార్థి యెవడైనను ఒక పూటలో సరిచూచుకొనవచ్చును. మెర్సేన్ మాట వెలువడిన 259 ఏండ్లకు దొంగ దొరికెను.

అంతకు పూర్వమే, 1883లో, రష్యాలోని పల్లెటూరి చర్చి పురోహితుడు పెర్వూషిన్, మెర్సేన్ వదలిన 61 రెండ్ల సంఖ్య ప్రధానమని నిరూపించెను. అది చూచి, మూలమున 61 అని యుండగా 67 అని అచ్చుపడినదని కొందరు వాదించిరి. కాని 1947 నాటికి పట్టిక యంతయు పరీక్షింపబడగా, 257 కూడ అందు చేరదగనిదనియు, 89, 107 చేరదగియు విడువబడినవనియు తేలెను. అచ్చుతప్పను సమర్థనము 61కి చాలునేమో గాని, ఈ మూడింటికి చాలదు.