హాట్‌టబ్ హీటర్: ఉష్ణోగ్రత సెన్సర్ లోపాన్ని గుర్తించడం ఎలా?

మన రిసార్టుల్లో జకూజీగా పిలిచే హాట్‌టబ్‌లో నీటి వేడి 40 డిగ్రీల సెల్సియస్‌ను మించరాదని అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ సూచిస్తోంది. అంతకు మించిన వేడి మగతకు, స్పృహ కోల్పోవడానికి దారితీయవచ్చు. గర్భస్థ శిశువుకూ అది హానికరం. ఈ హద్దును కాపాడేవి హీటరు సెన్సర్లు.

పనితీరు

సాధారణంగా సెన్సర్లు రెండు ఉంటాయి. ఒకటి నీటి ఉష్ణోగ్రతను కొలుస్తుంది. హీటరు గొట్టం వద్ద ఉండే రెండోది, వేడి పరిమితి దాటితే హీటరును ఆపిస్తుంది. అనేక నమూనాల్లో ఇవి థర్మిస్టర్లు. వేడి పెరిగే కొద్దీ వీటి విద్యుత్ నిరోధం తగ్గుతుంది.

లోపం రెండు విధాలు

సెన్సర్‌లోకి తేమ చేరితే నిరోధం తగ్గుతుంది. నీరు వేడిగా ఉందని భ్రమించి నియంత్రణ బోర్డు హీటరును ముందే ఆపుతుంది. కనెక్టర్‌కు తుప్పు పడితే నిరోధం పెరుగుతుంది. అప్పుడు నీరు చల్లగా ఉందనుకుని బోర్డు వేడి చేస్తూనే ఉంటుంది. ఈ రెండో లోపమే ప్రమాదకరం.

పరీక్షించే క్రమం

మొదట వేరే థర్మామీటరుతో నీటి వేడిని కొలిచి, తెరపై కనిపించే అంకెతో పోల్చాలి. తేడా ఉంటే ఫిల్టర్, నీటిమట్టం, వాల్వులు పరిశీలించాలి. ప్రవాహం మందగించినా రెండు సెన్సర్ల కొలతలు వేరుపడి, లోపం ఉన్నట్లు సంకేతం రావచ్చు.

ఆ తరువాతి పని విద్యుత్ నిపుణుడిది. బ్రేకర్ వద్ద సరఫరా ఆపి, అది నిలిచిందని నిర్ధారించుకున్నాకే మూత తెరవాలి. కనెక్టర్‌ను ఊడదీసి మల్టీమీటరుతో నిరోధం కొలవాలి. విరివిగా వాడే 10 కిలో ఓమ్‌ల రకం 25 డిగ్రీల వద్ద 10, 40 డిగ్రీల వద్ద దాదాపు 5.3 కిలో ఓమ్‌లు చూపుతుంది. కొన్ని నమూనాల్లో 30 కిలో ఓమ్‌ల రకం ఉంటుంది కనుక తయారీదారు పట్టికతో సరిచూడాలి. కొలత అనంతమైతే తీగ తెగినట్లు, సున్నా అయితే షార్ట్ అయినట్లు భావించాలి. కొలత సరిగానే ఉంటే కనెక్టర్‌ను, బోర్డును అనుమానించాలి.

చేయకూడనిది

సెన్సర్ స్థానంలో రెసిస్టర్ పెట్టి సంకేతాన్ని అణచివేయడం కొందరు అనుసరించే అడ్డదారి. దానివల్ల హీటరు నడుస్తుంది గానీ, నీరు ఎంత వేడెక్కినా బోర్డుకు తెలియదు. అదే నమూనాకు చెందిన కొత్త సెన్సర్ అమర్చేవరకు టబ్‌ను వాడకపోవడమే క్షేమం.